ఊరి స్మారకం మీది గన్నర్ ఎలా చనిపోయాడు? ఏ కాగితంలో ఏం వెతకాలి

నమస్కారమండీ. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతావాళ్లకు కూడా అర్థం కావాలి కాబట్టి ముందు విషయం క్లుప్తంగా చెబుతాను. మీరు ఆంటారియోలో ఒక చిన్న ఊళ్లో ఉంటున్నారు. ఎనిమిదో క్లాసు చదువుతున్న మీ అమ్మాయికి స్కూల్లో రిమెంబ్రెన్స్ డే ప్రాజెక్టు ఇచ్చారు. ఊరి యుద్ధ స్మారకం మీద ఉన్న పేర్లలో ఒకటి ఎంచుకుని ఆ మనిషి గురించి రాయాలి. పాప కెనడియన్ ఫీల్డ్ ఆర్టిలరీలో పనిచేసిన ఒక గన్నర్‌ని ఎంచుకుంది. అతను మొదటి ప్రపంచయుద్ధంలో, 1917 నవంబర్‌లో, బెల్జియంలో చనిపోయాడు. మీకు దొరికిన కాగితాల్లో ఒక చోట నవంబర్ 3 అని, ఇంకో చోట నవంబర్ 9 అని ఉంది. రెండింట్లోనూ "యుద్ధంలో హతుడయ్యాడు" అని తప్ప వేరే వివరం లేదు. సమాధి లేదు, ఈప్ర్ ఊళ్లోని మెనిన్ గేట్ అనే స్మారక ద్వారం మీద పేరు మాత్రం ఉంది. మీరు అడిగినవి మూడు. ఏ తేదీ నిజం? గేటు మీద పేరుందంటే శవం దొరకనట్టేనా? ఫిరంగి దగ్గరుండేవాడు ముందు వరుసకు అంత దూరంలో ఉంటాడు కదా, మరి ఎలా చనిపోయాడు?

పన్నెండేళ్లుగా మా ఊరి స్మారకం మీద ఉన్న పేర్లకు ఒక్కొక్కటిగా వివరాలు వెతుకుతున్నాను. మొదట్లో నేనూ సరిగ్గా ఇవే ప్రశ్నలు పట్టుకుని తిరిగాను. కాబట్టి తెలిసినదంతా రాస్తాను. ఓపిగ్గా చదవండి.

మూడో ప్రశ్నతో మొదలుపెడతాను. అది అర్థమైతే మిగతా కాగితాలు ఎలా చదవాలో తెలుస్తుంది. పదాతి సైనికుడి మరణం వెతికేటప్పుడు మనం ఒక దాడి కోసం చూస్తాం. ఫలానా రోజు ఫలానా గుట్ట మీదికి వెళ్లారు, అక్కడ పోయాడు అని. గన్నర్ల విషయంలో ఈ పద్ధతి పనిచేయదు. దాడి లేని రోజు కూడా వాళ్లు చనిపోయేవారు. అవతలి పక్షం, అంటే జర్మన్ల, ఫిరంగులు వెతికేది వీళ్ల ఫిరంగులనే. బ్యాటరీ, అంటే కలిసి పనిచేసే ఫిరంగుల దళం, ఎక్కడుందో విమానంలోంచి ఒకసారి కనిపెట్టారంటే ఆ చోటు మీద గంటల తరబడి గుండ్లు కురిపించేవారు. 1917 జులై నుంచి ఈప్ర్ ప్రాంతంలో మస్టర్డ్ గ్యాస్ గుండ్లు కూడా వచ్చి పడ్డాయి. ఆ గ్యాస్ బురదలో, బట్టల్లో ఉండిపోయి తర్వాత కాల్చేది.

మీ గన్నర్ చనిపోయిన సమయం ఈప్ర్ దగ్గర జరిగిన పాషెన్‌డేల్ యుద్ధం. కెనడియన్ కోర్ (కెనడా డివిజన్లన్నీ కలిసిన పెద్ద దళం) అక్టోబర్ 26న, 30న, నవంబర్ 6న, 10న దాడులు చేసింది. ఆ యుద్ధంలో ఫిరంగి దళం పరిస్థితి ఎంత దారుణంగా ఉందో చెప్పడానికి ఒక లెక్క చాలు. ముందున్న ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కోర్ నుంచి కెనడా వాళ్లకు 250 పెద్ద ఫిరంగులు అప్పగింతగా రావాలి. కెనడియన్ ఫిరంగి దళాధిపతి ఎడ్వర్డ్ మారిసన్ వెతికిస్తే 227 మాత్రమే కనిపించాయి. వాటిలో 89 పనికిరాని స్థితిలో ఉన్నాయి. 306 చిన్న ఫిరంగుల్లో సగం కూడా పేలే స్థితిలో లేవు. చాలా వాటిని బురద మింగేసింది. ఉన్న ఫిరంగులను గట్టి నేల దొరికిన కొద్ది చోట్లలోనే ఒకదాని పక్కన ఒకటి పెట్టాల్సి వచ్చింది. గట్టి నేల ఎక్కడుందో అవతలివాళ్లకు కూడా తెలుసు.

గుండ్లు మోయడం ఇంకో ప్రాణగండం. చెక్కపలకలు పరిచిన దారి ఎక్కడితో ఆగిపోతే అక్కడినుంచి గుర్రాలు, కంచర గాడిదల మీద గుండ్లు తీసుకెళ్లేవారు. 18 పౌండ్ల గుండ్లయితే ఒక్కో జంతువు మీద ఎనిమిది. ఆ పలకల దారి మీదే శత్రువు గుండ్లు ఎక్కువగా పడేవి. పక్కకు తప్పుకుందామంటే మనిషి లోతు బురద. అందుకే "గన్నర్" అని ఉన్నా అతను ఫిరంగి పక్కనే చనిపోయాడని అనుకోకండి. ఫిరంగి దగ్గర, దారి మీద, నాలుగైదు మైళ్లు వెనక గుర్రాలను కట్టే వాగన్ లైన్స్‌లో, ముందు వరుసలో పరిశీలకుడితో పాటు టెలిఫోన్ తీగ సరిచేస్తూ, వీటిలో ఎక్కడైనా జరిగి ఉండవచ్చు. నాలుగు చోట్లకీ ఫారంలో ఒకే మాట రాసేవారు.

ఇప్పుడు తేదీల సంగతి. లైబ్రరీ అండ్ ఆర్కైవ్స్ కెనడా వాళ్లు మొదటి ప్రపంచయుద్ధంలో పనిచేసిన ఆరు లక్షల ఇరవై వేల పైచిలుకు మంది సర్వీస్ ఫైళ్లను స్కాన్ చేసి ఉచితంగా పెట్టారు. ఆ పని 2018లో పూర్తయింది. మీరు చూసింది బహుశా ఫైల్లోని మొదటి రెండు మూడు పేజీలే. మొత్తం దింపుకోండి. యాభై పేజీలున్నా సరే. అందులో "క్యాజువల్టీ ఫారం, యాక్టివ్ సర్వీస్" అని ఒకటి ఉంటుంది, మూలన బి.103 అని నంబరు. దీన్ని జాగ్రత్తగా చూడండి. ఎడమవైపు గడుల్లో రిపోర్టు తేదీ, అది ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో ఉంటుంది. మధ్యలో ఏం జరిగిందో రాస్తారు. కుడివైపు గడిలో అది నిజంగా జరిగిన తేదీ ఉంటుంది. బ్యాటరీ నుంచి సమాచారం గుమాస్తాకు చేరడానికి నాలుగైదు రోజులు, ఒక్కోసారి వారం పట్టేది. మీకు దొరికిన నవంబర్ 9 ఎడమ గడిలోదో కుడి గడిలోదో చూడండి. ఎడమదైతే అది కబురు అందిన రోజు. మనిషి పోయింది 3వ తేదీనే. నేను చూసిన ఫైళ్లలో తేదీల తేడాకు ఎక్కువసార్లు కారణం ఇదే.

ఇంకో సంగతి. ఆ కాగితాల్లో తేదీలు మనం రాసినట్టే రోజు ముందు, నెల తర్వాత. ఇక్కడ స్కూళ్లలో పిల్లలు నెల ముందు రాయడానికి అలవాటుపడతారు. 3-11-17 చూసి మీ పాప మార్చి 11 అనుకునే అవకాశం ఉంది. ముందే చెప్పి ఉంచండి.

అదే ఫారంలో పొడి అక్షరాలు చాలా కనిపిస్తాయి. టి.ఓ.ఎస్. అంటే దళం లెక్కలో చేర్చుకున్నారని. ఎస్.ఓ.ఎస్. అంటే లెక్కలోంచి తీసేశారని. ఇది చూసి సాయం కోసం పెట్టిన కేక అనుకుని కంగారుపడిన వాళ్లను చూశాను. డి.ఏ.సి. అంటే డివిజన్‌కు గుండ్లు మోసే దళం. సి.సి.ఎస్. అంటే ముందు వరుసకు వెనకున్న పెద్ద వైద్య శిబిరం. జి.ఎస్.డబ్ల్యు. అంటే అక్షరాలా తుపాకీ గాయమే, కానీ గుండు ముక్క తగిలినా అదే రాసేసేవారు. కాబట్టి ఆ మూడక్షరాలు పట్టుకుని "తుపాకీతో కాల్చారు" అని రాయకూడదు.

బి.103లో అన్నింటికన్నా ముఖ్యంగా చూడాల్సింది చనిపోయిన రోజున అతను ఏ బ్యాటరీలో ఉన్నాడన్నది. స్మారకం మీదా, సైన్యంలో చేరేటప్పుడు నింపిన కాగితంలోనూ ఉన్న దళం పేరు నమ్ముకుంటే దారి తప్పుతాం. ఆంటారియోలో ఒక బ్యాటరీలో చేరి, ఇంగ్లండ్‌లో రిజర్వ్ బ్రిగేడ్‌కు వెళ్లి, ఫ్రాన్స్‌లో ఇంకో బ్యాటరీలో కలిసినవాళ్లు చాలామంది. పైగా 1917లో ఫిరంగి దళాలను తిరగ్గూర్చారు. బ్యాటరీకి నాలుగు ఫిరంగులుండే చోట ఆరు చేశారు. కొన్ని బ్యాటరీలను విడగొట్టి వేరేవాటిలో కలిపేశారు. అందుకని ఫారం చివరి నుంచి పైకి చదవండి. మరణానికి ముందున్న ఆఖరి టి.ఓ.ఎస్. వరుసలో ఏ బ్యాటరీ ఉందో అదే మీ బ్యాటరీ. ఆ బ్యాటరీ ఏ బ్రిగేడ్ కిందిదో వెతికి రాసుకోండి. 18 పౌండ్ల గుండ్లు పేల్చే 18 పౌండర్ బ్యాటరీలు మూడు, గుండును ఎత్తుగా ఎగరేసే హోవిట్జర్ ఫిరంగుల బ్యాటరీ ఒకటి కలిపి ఒక బ్రిగేడ్. ఇది ఎందుకంటే యుద్ధ డైరీ సాధారణంగా బ్రిగేడ్ పేరు మీదే ఉంటుంది. బ్యాటరీ నంబరుతో వెతికితే ఏమీ రాక చాలామంది నిరాశపడి వదిలేస్తారు.

డైరీకి వెళ్లేముందు ఇంకో కాగితం. ఆర్కైవ్స్‌లోనే "సర్కమ్‌స్టాన్సెస్ ఆఫ్ డెత్" (మరణ పరిస్థితులు) అని విడిగా రిజిస్టర్లున్నాయి. సర్వీస్ ఫైల్లో ఇవి ఉండవు, అందుకే చాలామంది వీటిని చూడరు. మనిషికో పేజీ. దళం ఆ సమయానికి ఎక్కడుంది, ఎలా చనిపోయాడు, ఎక్కడ పూడ్చారు అని గడులుంటాయి. కొందరికి రెండు మూడు వాక్యాలు రాశారు. భోజనం చేస్తుండగా గుండు పడిందనో, గుర్రాలకు నీళ్లు పట్టడానికి వెళ్లాడనో తెలుస్తుంది. కొందరికి హతుడయ్యాడు అన్న ముక్క తప్ప ఏమీ రాయలేదు. కొందరికి పేజీయే మిగల్లేదు. మీకు వివరం ఉన్న పేజీ దొరకాలని కోరుకుంటున్నాను. దొరకకపోయినా దారి మూసుకుపోదు.

ఇక యుద్ధ డైరీ. ప్రతి బ్రిగేడ్‌లో ఒక అధికారి రోజూ రాసి పంపాల్సిన పుస్తకం ఇది. ఇవి కూడా ఆర్కైవ్స్ సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. 1917 అక్టోబర్ 25 నుంచి నవంబర్ 15 దాకా మొత్తం చదవండి. ఆ ఒక్క రోజు చదివి ఆపేయకండి. ముందు రోజుల్లో బ్యాటరీ ఎక్కడికి మారింది, వాన ఎలా ఉంది, గుండ్లు ఎంత కష్టంగా తెచ్చారు అన్నదంతా అక్కడే ఉంటుంది. పాప ప్రాజెక్టుకు ప్రాణం పోసేది ఆ వివరాలే.

అయితే ఒక బాధ కలిగించే విషయం ముందే చెబుతాను. డైరీలో అధికారులకే పేర్లు రాస్తారు. మామూలు సైనికులకు అంకె మాత్రమే. "2 ఓ.ఆర్. హతులు, 5 ఓ.ఆర్. గాయపడ్డారు" అని ఉంటుంది. ఓ.ఆర్. అంటే అధికారులు కాని మిగతా ర్యాంకులవాళ్లు. మీ గన్నర్ ఆ "2"లో ఒకడు. మొదటిసారి అలాంటి వరుస చూసినప్పుడు చాలాసేపు ఆ పేజీ దగ్గరే ఆగిపోయాను.

ఆ అంకెను మళ్లీ మనుషులుగా మార్చే పద్ధతి ఒకటుంది. యుద్ధ సమాధులను చూసుకునే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైట్‌లో పేరు లేకుండానే వెతకవచ్చు. దేశం కెనడా, దళం కెనడియన్ ఫీల్డ్ ఆర్టిలరీ, చనిపోయిన తేదీ 1917 నవంబర్ 3 అని పెట్టండి. వచ్చిన జాబితాను ఎక్సెల్ ఫైల్‌గా దింపుకోండి. అందులో మీ బ్రిగేడ్ బ్యాటరీలవాళ్లను మాత్రం ఏరండి. డైరీలో ఇద్దరని ఉండి, జాబితాలో ఇద్దరే తేలితే ఆ ఇద్దరూ వీళ్లే అని చాలావరకు నమ్మవచ్చు. ఇప్పుడు రెండోవాడి ఫైలు, అతని సర్కమ్‌స్టాన్సెస్ పేజీ తెరవండి. మీవాడి పేజీలో ఏమీ లేకపోయినా పక్కవాడి పేజీలో కథ ఉండవచ్చు. మా ఊరి స్మారకం మీద ఒక డ్రైవర్ ఉన్నాడు. ఫిరంగి దళంలో డ్రైవర్ అంటే గుర్రాల జత నడిపేవాడు. అతని పేజీలో ఒక్క ముక్క లేదు. అదే రోజు అదే బ్యాటరీలో చనిపోయిన ఇంకో కుర్రాడి పేజీలో మాత్రం, రాత్రి విమానం వాగన్ లైన్స్ మీద బాంబు వేసిందని, గుర్రాల దగ్గరున్న ముగ్గురు పోయారని స్పష్టంగా ఉంది. డైరీలో కూడా ముగ్గురే, ఆ పక్కన చచ్చిపోయిన గుర్రాల లెక్క. అతను ఎక్కడ ఎలా పోయాడో నాకు తెలిసింది అలాగే. మూడేళ్లుగా వెతికినది ఆ సాయంత్రం పక్కవాడి కాగితంలో కనిపించింది.

మీ రెండో ప్రశ్న, మెనిన్ గేట్. అక్కడ పేరుందంటే తెలిసిన సమాధి లేదని మాత్రమే అర్థం. శవం దొరకలేదని కాదు, అతను పారిపోయాడనో తప్పిపోయాడనో అంతకన్నా కాదు. పాప ఈ తేడా తప్పకుండా రాయాలి. దీనికి ఫిరంగి దళంలోంచే, పేరు చెప్పదగిన మనిషి ఒకరున్నారు: లెఫ్టినెంట్ అలెక్సిస్ హెల్మర్. క్యూబెక్‌లోని హల్ ఊరివాడు, మెక్‌గిల్ యూనివర్సిటీలో చదివిన ఇంజినీరు, కెనడియన్ ఫీల్డ్ ఆర్టిలరీ మొదటి బ్రిగేడ్‌లో అధికారి. 1915 మే 2న ఈప్ర్ దగ్గర తన ఫిరంగుల చోటు నుంచి బయటికి వచ్చిన కాసేపటికి ఒక పెద్ద గుండు నేరుగా మీద పడింది. వయసు 22. మిగిలిన శరీర భాగాలను ఇసుక సంచుల్లోకి ఎత్తి, దుప్పటి మీద పేర్చి, చీకటి పడ్డాక పూడ్చారు. మతగురువు అందుబాటులో లేకపోతే బ్రిగేడ్ డాక్టరు జాన్ మెక్రే తనకు కంఠతా వచ్చినంతవరకు ప్రార్థన చదివాడు. ఆ మరణం తర్వాతే ఆయన గసగసాల పూల గురించిన "ఇన్ ఫ్లాండర్స్ ఫీల్డ్స్" పద్యం రాశాడు. నవంబర్‌లో మన పిల్లలు చొక్కాకు ఎర్ర పువ్వు పెట్టుకుని స్కూలుకు వెళ్లడానికి ఆ పద్యమే మూలం. అప్పట్లో ఆ బ్రిగేడ్‌ను నడిపింది ఇందాక చెప్పిన మారిసనే.

హెల్మర్ సమాధి మీద చెక్క శిలువ పాతారు. ఎక్కడ పూడ్చారో తోటివాళ్లందరికీ తెలుసు. కానీ ఆ తర్వాత మూడున్నరేళ్లు అదే నేల మీద యుద్ధం జరిగింది. గుండ్లు ఆ సమాధిని చెరిపేశాయి. ఇవాళ హెల్మర్ పేరు కూడా మెనిన్ గేట్ మీదే ఉంది. మీ గన్నర్‌ని కూడా స్నేహితులే పూడ్చి, శిలువ పెట్టి, ప్రార్థన చదివి ఉండవచ్చు. అందుకే ఆర్కైవ్స్‌లో ఉన్న గ్రేవ్స్ రిజిస్టర్ కూడా చూడండి. మెనిన్ గేట్ మీద పేరున్న కొందరికి అందులో మొదట పూడ్చిన చోటు రాసి ఉంటుంది.

ఆ గేటును 1927 జులైలో ప్రారంభించారు. దాని మీద 54 వేలకు పైగా పేర్లున్నాయి, వాళ్లలో దాదాపు ఏడువేల మంది కెనడా తరఫున పోరాడినవాళ్లు. 1917 ఆగస్టు మధ్య తర్వాత పోయిన బ్రిటన్ సైనికుల పేర్లు దగ్గర్లోని టైన్ కాట్ సైనిక శ్మశానంలోని గోడ మీదికి వెళ్లాయి, కెనడావాళ్లకు మాత్రం ఏ తేదీ అయినా మెనిన్ గేటే. మన వాళ్లు అక్కడికి వెళ్తే ఇంకో వరుస కూడా చూడాలి. అదే గోడల మీద నాలుగొందల మందికి పైగా భారతీయ సైనికుల పేర్లున్నాయి. 1915 ఏప్రిల్ చివర్లో, జర్మన్ల గ్యాస్ దాడి తర్వాత కెనడావాళ్లు నిలబడిన ఆ ప్రాంతానికే భారతీయ సైన్యంలోని లాహోర్ డివిజన్ వచ్చి పోరాడింది. గేటు కింద రోజూ సాయంత్రం ఎనిమిదింటికి బ్యూగుల్ ఊదుతారు.

గ్రేవ్స్ రిజిస్టర్‌లో గానీ డైరీలో గానీ "28.డి.9.సి.4.6" లాంటి గుర్తు కనిపిస్తే వదలకండి. అది మ్యాప్‌లో చోటు. 28 అంటే ఈప్ర్ ప్రాంతం మ్యాప్ నంబరు. డి అంటే ఒక పెద్ద గడి. 9 అంటే అందులో వెయ్యి గజాల గడి. సి అంటే దాన్ని నాలుగు చేస్తే కింద ఎడమవైపు వచ్చే భాగం, ఐదొందల గజాలది. ఆ భాగానికి కింది ఎడమ మూల నుంచి తూర్పుకు పదింట నాలుగు వంతులు, అంటే 200 గజాలు. ఉత్తరానికి పదింట ఆరు వంతులు, అంటే 300 గజాలు. యాభై గజాల ఖచ్చితత్వంతో చోటు దొరికినట్టే. నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లండ్ సైట్‌లో ఆనాటి ట్రెంచ్ మ్యాపులు ఉచితంగా ఉన్నాయి, వాటిని ఇప్పటి మ్యాపు మీద పరిచి చూడవచ్చు. మీకు దగ్గర్లో హామిల్టన్‌లోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీలో కూడా ఆ మ్యాపులు చాలా ఉన్నాయి. పాపతో కలిసి ఈ లెక్క కాగితం మీద వేయండి. పిల్లలకు ఇది బాగా నచ్చుతుంది. ఆ చోట ఇవాళ దుంపల చేను కనిపిస్తుంటే కలిగే భావం వేరు.

ఇక మనిషి గురించి. చేరినప్పటి కాగితంలో పుట్టిన ఊరు, వృత్తి, ఎత్తు, కళ్ల రంగు, ఒంటి మీద మచ్చలు ఉంటాయి. అతని సంతకం ఉంటుంది. వయసు మాత్రం నమ్మకండి, ఏడాదో రెండేళ్లో ఎక్కువ చెప్పిన కుర్రాళ్లు ఎందరో. 1901, 1911 జనాభా లెక్కలతో సరిచూడండి. మీరు తల్లి చిరునామా ఇంగ్లండ్‌లో ఉందన్నారు. అందులో వింత లేదు, కెనడా సైన్యంలో చేరినవాళ్లలో దాదాపు సగం మంది కెనడా బయట పుట్టినవాళ్లే. కానీ అతను ఇక్కడ ఏదో పొలంలో పనివాడిగా, చిన్నప్పుడే ఒంటరిగా వచ్చినట్టు కనిపిస్తే, బ్రిటన్ నుంచి అనాథలను, పేద పిల్లలను పంపిన "హోమ్ చిల్డ్రన్"లో ఒకడేమో చూడండి. అలా లక్షమంది వచ్చారు. వాళ్ల ఓడ ప్రయాణాల జాబితా కూడా ఆర్కైవ్స్‌లోనే ఉంది.

జీతం కార్డును జనం పట్టించుకోరు. నేనైతే ముందు అదే చూస్తాను. రోజుకు ఒక డాలర్, పైన పది సెంట్లు. అందులోంచి నెలకు పదిహేనో ఇరవయ్యో డాలర్లు ఇంటికి పంపమని రాసిస్తారు. నెల నెలా ఆ అంకె వరుసగా వెళ్లి ఒక చోట ఆగిపోతుంది. పక్కన ఎర్ర సిరాతోనో గీతతోనో ముగించి ఉంటుంది. ఇంకో కార్డు మీద ఎం.సి. అని, పక్కన తల్లి పేరు, చిరునామా ఉంటే అది మెమోరియల్ క్రాస్. 1919 డిసెంబర్ నుంచి కొడుకును పోగొట్టుకున్న తల్లులకు, భర్తను పోగొట్టుకున్న భార్యలకు ఇచ్చిన వెండి శిలువ. ఆ చిరునామా యుద్ధం తర్వాతిది కాబట్టి కుటుంబం ఎక్కడికి వెళ్లిందో దాని ద్వారా పట్టుకోవచ్చు. అతని చేతిరాతతో ఉన్న చిన్న వీలునామా కూడా ఫైల్లో ఉండే అవకాశం ఉంది. నా సర్వస్వం మా అమ్మకు అని ఒక్క వాక్యం. అది చదివేటప్పుడు పాప పక్కన మీరుండండి.

ఊరి పత్రికను వదలొద్దు. 1917 నవంబర్, డిసెంబర్ సంచికలు మీ ఊరి లైబ్రరీలో మైక్రోఫిల్మ్ మీద ఉండవచ్చు, అడగండి. బ్యాటరీ కమాండర్ గానీ మతగురువు గానీ తల్లికి రాసిన ఉత్తరాన్ని చాలా పత్రికలు యథాతథంగా వేసేవి. చోటు, సమయం, పక్కనున్నవాళ్లు, పూడ్చిన విధానం అందులో దొరుకుతాయి. ఒక్క విషయంలో మాత్రం ఆ ఉత్తరాలను ఆధారంగా తీసుకోకూడదు. "వెంటనే ప్రాణం పోయింది, నొప్పి తెలియలేదు" అని దాదాపు ప్రతి ఉత్తరంలోనూ ఉంటుంది. తల్లికి ఇంకేం రాస్తారు? ఆ మాట రాసినవాళ్ల దయ చూసి నాకు వాళ్ల మీద గౌరవం పెరుగుతుంది. కానీ మనం రాసేటప్పుడు "తల్లికి అలా రాశారు" అని రాయాలి, "అలా జరిగింది" అని రాయకూడదు.

అదే జాగ్రత్త అన్నింటిలోనూ. ఇంటర్నెట్‌లో ఎవరో పెట్టిన వంశవృక్షంలో మీవాడి పేరు కనిపిస్తే రెజిమెంటల్ నంబరు (సైన్యం ఒక్కొక్కరికి ఇచ్చిన నంబరు) కలిసిందా అని చూడండి. ఒకే పేరున్నవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉంటారు, నంబరు ఒక్కరిదే. నంబరు లేని కథను పక్కన పెట్టేయండి. ఒకసారి ఈ తప్పు నేనే చేశాను. వేరే మనిషి ఫోటోను మా ఊరివాడిదని నమ్మి స్మారక సభలో చూపించాను. తర్వాత నిజం తెలిసి వాళ్ల బంధువుకు ఫోన్ చేసి క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. ఆవిడ ఏమీ అనలేదు. ఆ ఫోటోను ఫ్రేమ్ కట్టించుకున్నానని మాత్రం చెప్పింది. అప్పటినుంచి నంబరు చూడకుండా ఒక్క ముక్క కూడా ఎవరికీ ఇవ్వను.

ఇవి చదివి రెండో ప్రపంచయుద్ధంలో పోయినవాళ్ల గురించి అడగబోయేవాళ్లకు ఒక మాట. దారి కొంచెం వేరు. యుద్ధంలో మరణించినవాళ్ల ఫైళ్లు తెరిచే ఉన్నాయి. సర్వీస్ నంబరు ముందున్న అక్షరం చేరిన ప్రాంతం చెబుతుంది, బి అయితే టొరంటో, ఎఫ్ అయితే నోవా స్కోషియా, హెచ్ అయితే మానిటోబా. వివరాలు కావాలంటే విడిగా అడగండి, రాస్తాను.

మీరు ఈ వారం చేయాల్సింది బి.103 చూడటం, ఆఖరి బ్యాటరీ పట్టుకోవడం, బ్రిగేడ్ డైరీలో 3వ తేదీ తెరవడం. చేతిరాత అర్థం కాకపోతే ఆ పేజీ ఫోటో ఇక్కడ పెట్టండి, చదివి చెబుతాను. రాత్రి అయినా చూస్తాను.

ఇంకొకటి, పాప కోసం. కెనడియన్ వర్చువల్ వార్ మెమోరియల్ సైట్‌లో అతని పేరు కొడితే బుక్ ఆఫ్ రిమెంబ్రెన్స్‌లో ఎన్నో పేజీలో ఉన్నాడో చూపిస్తుంది. ఆ పుస్తకం ఒట్టావాలో పార్లమెంటు దగ్గర ఉంటుంది. మొదటి ప్రపంచయుద్ధంలో పోయిన 66 వేలకు పైగా పేర్లు అందులో చేత్తో రాసి ఉన్నాయి. రోజూ ఉదయం పదకొండింటికి పేజీ తిప్పుతారు. మీ గన్నర్ పేజీ ఏ తేదీన తెరిచి ఉంటుందో కెనడా ప్రభుత్వ మాజీ సైనికుల శాఖ, వెటరన్స్ అఫైర్స్ వాళ్ల క్యాలెండర్‌లో దొరుకుతుంది. మరమ్మతుల వల్ల పుస్తకాలను తాత్కాలికంగా వేరే చోటికి మార్చారు, బయలుదేరే ముందు ఎక్కడుందో చూసుకోండి. ఆ రోజు స్కూలుకు సెలవు పెట్టించినా పర్వాలేదు, పాపను తీసుకెళ్లండి. పదకొండుకు పది నిమిషాల ముందే వెళ్లి నిలబడండి.